వీధి నిండా చిలక టోపీలు

నా చిన్నప్పుడు బడిలో మాకెవరూ ఫొటో తీయలేదు కన్నా. నిన్న ఫోన్లో నువ్వు చూపించింది నా కొడుకు బడి ఫొటో, అంటే మీ నాయనది. "ఇందులో నాన్న ఎవరు జేజీ? అందరికీ ఒకటే టోపీ ఉందే, యూనిఫామా?" అని అడిగావు. యూనిఫాం కాదు. పూణేలో కూర్చుని అడుగుతున్న నీకు ఫోన్లో ఒక్క మాటలో చెప్పే జవాబు కాదది. ఇన్నేళ్లయినా ఆ టోపీల సంగతి ఎత్తితే నాకు ముందు వచ్చేది భయమే. తర్వాతే మిగతావన్నీ. అందుకని నిదానంగా రాసి పంపిస్తున్నాను. మీరిద్దరూ మీ నాయన చేత చదివించుకోండి. వాడికి కూడా ఇందులో సగమే తెలుసు.

అల్లిక మాత్రం నేను చిన్నప్పుడే నేర్చుకున్నాను. ఉరవకొండ బడిలో మా కుట్టుపని టీచరమ్మ అల్లేటప్పుడు ఎవర్నీ మాట్లాడనిచ్చేది కాదు. నోరు మెదిపితే ముడి జారుతుందనేది. నేనింత మెల్లగా మాట్లాడేది అక్కడ అలవాటయ్యే అనుకుంటాను. పెళ్లయి విడపనకల్లు దగ్గర మా అత్తగారి ఊరికి వచ్చాక ఆ సూదులు ట్రంకుపెట్టె అడుగుకు చేరాయి. ఆ ఊళ్లో ఉన్ని అంటే గొర్రెల మీద ఉండేదే, కంబళ్లకు పోయేదే. పిల్లల చెవులకు చలేస్తే తల్లి పాత చీర ముక్క చుట్టేది. రంగుల టోపీ సంగతి ఎవరికీ తెలియదు.

మీ నాయన రెండో తరగతిలో ఉండగా పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మీ తాతకు అన్న, అంటే మీ పెద్దతాత, సర్పంచికి నిలబడ్డాడు. ఆ గొడవల్లో అవతలి పక్షం మనిషి ఒకాయన చనిపోయాడు. ఎవరు కొట్టారో, ఎలా జరిగిందో నేను చెప్పలేను. ఆడవాళ్లకు ఎవరూ ఏదీ చెప్పేవాళ్లు కాదు. పెద్దతాతను జైలుకు తీసుకుపోయారు. ఆ గొడవలో లేనే లేని మీ తాతను కూడా, "నువ్వు కొన్నాళ్లు ఈడ ఉండొద్దప్పా" అని పెద్దవాళ్లు బళ్లారిలో చుట్టాలింటికి పంపేశారు. ఇంట్లో నేను, మా అత్త, మీ నాయన, పాలు తాగే మీ మేనత్త మిగిలాం.

కొన్నాళ్లకు ఒక మాట మా ఇంటికి వచ్చింది. ఎవరు అన్నారో తెలియదు. పిండిమిషన్ దగ్గర విన్నానని ఒకామె మా అత్త చెవిలో వేసి, వెనక్కి చూసుకుంటూ వెళ్లిపోయింది. "మా ఇంట్లో పోయింది మగమనిషి. వాళ్లింట్లో కూడా ఒక మగనలుసు ఉండాది కదా" అన్నారంట.

భయమంటే గుండె దడ అనుకుంటారు మీరు. కాదమ్మా. భయమంటే చెవులు. మోటారుసైకిల్ చప్పుడు వినపడితే అది ఏ సందు తిరిగింది, యాడ ఆగింది, ఇంజను ఆపారా లేదా అని చేతిలో పని వదిలేసి వినేదాన్ని. కుక్క మొరిగితే ఎందుకు మొరిగిందని, మొరగకపోతే ఎందుకు మొరగలేదని. మా ఇంటి అరుగు మీద కూర్చునే అమ్మలక్కలు రావడం మానేశారు. వాళ్లను తప్పు పట్టను. మా వాకిట్లో కనబడితే ఏ పక్షమో రాసిపెట్టినట్టే కదా. మీ నాయన్ను బడికి నేనే తీసుకుపోయి నేనే తీసుకొచ్చేదాన్ని. "అమ్మా, చేయి నొప్పెడతాంది" అనేవాడు. చూస్తే వాడి మణికట్టు మీద నా వేళ్ల అచ్చులుండేవి.

పుష్యమాసం వచ్చింది. మా మెట్టలో పగలు ఎండ మాడుస్తుంది గానీ తెల్లవారుజామున గాలి చెవులు కోస్తుంది. బళ్లారి బస్సు కండక్టరు చేత మీ తాత ఒక సంచి పంపించాడు. అందులో ఉన్ని ఉండలు. చిలకపచ్చవి, ఒకటి మాత్రం ఎర్రది. "పిల్లోనికి ఇగం తగులుతాంటుంది, ఏమన్నా అల్లి పెట్టమను" అని చెప్పి పంపాడంట. ఇగమంటే మా వైపు చలి. ఇంటికి రాలేని మనిషి పంపించిన ఉన్ని అది. మీ నాయన ఆ ఉండల్ని ఒళ్లో పెట్టుకుని కింద పెట్టనే లేదు.

నా చేతులు వణుకుతుండేవి. సూదులు పట్టుకుంటే ఆ వణుకు కాస్త తగ్గేది. వీధివైపు చెవి పెట్టి, చూపు సూదుల మీద పెట్టి అల్లాను. చిలకపచ్చ టోపీ, నుదుటి మీద ఎర్ర పట్టీ, పైన ఎర్ర కుచ్చు. చిలక ముక్కులాగా ఉందని మీ నాయనే దానికి చిలక టోపీ అని పేరు పెట్టాడు. అంత కొట్టొచ్చే రంగు నాకు నచ్చడానికి ఇంకో కారణం ఉంది. మీ నాయన బడి ఊరి బయట, రోడ్డు పక్కన ఉండేది. మా మిద్దె మీదికెక్కితే బడి దాకా ఉండే బీడు మొత్తం కనపడేది. ఆ ఏడు వానలు లేక వేరుశెనగ ఎండిపోయి, కనుచూపుమేర ఎర్రమన్నే. ఊరు మొత్తం మీద పచ్చగా ఉన్నది ఆ టోపీ ఒక్కటే. బడి ఆవరణలో వాడు ఏ మూల ఆడుకుంటున్నా మిద్దె మీదినుంచి నాకు తెలిసిపోయేది. నా కన్ను వాడి మీద ఉంటే వాడికేమీ కాదనుకున్నాను. తల్లి వెర్రి అట్లాంటిది.

ఒక సాయంత్రం నేను తీసుకురావడానికి పోయేలోపే వాడు ఎగురుకుంటూ ఇంటికి వచ్చేశాడు.

"అమ్మా, టీ హోటలు కాడ ఒకాయన బండి నిలిపి నా టోపీ శానా బాగుండాది అన్నాడు. ఎవురు అల్లినారు అని అడిగినాడు. చిలక టోపీ, మా అమ్మ అల్లింది అని చెప్పినా."

"ఇంకేం అడిగినాడు?"

"నాయన పేరు అడిగినాడు. చెప్పినా. ఇల్లు యాడ అంటే అదో ఆ మిద్దె అని చూపిచ్చినా."

వాడి మొహంలో ఎంత సంబరమో. ఇంత దూరం నుంచి నాకు కనపడేది ఇంకొకరికి కనపడదా? ఇంతమంది పిల్లల్లో వాణ్ణి వెతుక్కునే పని లేకుండా నేనే గుర్తు పెట్టి పంపించాను.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, నా చిన్నప్పటి మాట ఒకటి. మా తాతకు గొర్రెలుండేవి, అన్నీ నల్లవే. అందులో ఒక పిల్ల నాది. సాయంత్రం మంద తిరిగొచ్చినప్పుడు నా పిల్లను నేను గుర్తుపట్టాలని, జడకు కట్టుకునే ఎర్ర రిబ్బను దాని మెడకు కట్టాను. మా తాతయ్య నన్ను ఒక్క మాట అనకుండా ఆ రిబ్బను విప్పేశాడు. నేను ఏడిస్తే ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పాడు. "తోడేలు మందను చూస్తే కండ్లు చెదురుతాయి దానికి, ఏది పట్టల్లో తెల్దు. మందలో వేరేగా కనపడేదే దానికి దొరికేది. దానికి మనమే గుర్తు పెట్టియగూడదు తల్లీ." రిబ్బను నా జడకే తిరిగి కట్టాడు. నేను ఆ మాట అప్పుడే మర్చిపోయాను. మర్చిపోయాననుకున్నాను.

వాకిట్లో కూర్చుని, వాడి నెత్తి మీది టోపీ తీసి, కొస ముడి తెంపి లాగడం మొదలుపెట్టాను. అల్లడం నిదానం, ఊడదీయడం నిమిషాల పని. వరస వరసా ఊడి వస్తుంటే మీ నాయన నా కాళ్ల మీద పడి పొర్లాడి ఏడ్చాడు. "నాయన పంపిచ్చింది అది! నాయనది!" అని. నేను ఏడవలేదు. ఏడిస్తే గోడ అవతలికి వినపడుతుందని. ఊడదీసిన ఉన్ని కొత్త ఉన్నిలా ఉండదు, ఉంగరాలు తిరిగి ఉంటుంది. ఆ ఉంగరాల కుప్పను గంప కింద దాచాను. మర్నాటి నుంచి పిల్లోనికి జ్వరమని చెప్పి బడికి పంపలేదు. తలుపు గడియ తీయలేదు.

మా గోడ అవతల ఉండేది పక్కింటి అక్క. కూలిపని చేసుకునే ఇల్లు వాళ్లది. ఎన్నికల్లో ఈ పక్షమూ కాదు, ఆ పక్షమూ కాదు. ఇద్దరి చేలల్లోనూ పని చేస్తేనే పొయ్యి వెలిగేది. ఆమె నోరు మాత్రం ఊరందరికీ భయం. బోరింగు కాడ ఆమె బిందె పెట్టిందంటే ఇంకెవరి బిందే ముందుకు పోదు. ఆ సాయంత్రం నేను టోపీ ఊడదీస్తున్నంతసేపూ ఆమె గోడ మీదినుంచి చూస్తూనే ఉంది.

రెండు రోజులాగి ఒక పొద్దున తలుపు దబదబా కొట్టింది. గడియ తీస్తే తన చిన్నకొడుకును ముందుకు తోసి, వీధంతా వినపడేట్టు మొదలుపెట్టింది.

"ఏం పాపా, నీ కొడుకు ఒక్కనికేనా చెవులుండేది? మా చిన్నోనివి ఏమన్నా తాటాకులా, ఇగం తగలకుండా ఉండేదానికి?"

"అక్కా, నేనిప్పుడు అల్లలేను" అన్నాను.

"అల్లలేకపోతే నాకు నేర్పీ. నాకు మాత్రం మీవోనికి ఉన్నిందే, అట్లాంటి టోపీనే కావల్ల. అదే చిలకపచ్చ, అదే ఎరుపు, అదే కుచ్చు. రవ్వంత తేడా ఉన్నా నేను తీసుకోను, ముందే చెప్తాండా."

మా అత్తకు ఒళ్లు మండింది. "ఇల్లు కాలి మనమేడుస్తాంటే చుట్టకు నిప్పు అడిగినట్టుండాదే దీని యవ్వారం" అంది. నాకూ అదే అనిపించింది. నా కొడుకును నేను చీకటి గదిలో దాచుకుని కూర్చుంటే ఈమెకు టోపీ మీద ఈర్ష్య! కానీ ఆమెతో వాదించే ఓపిక లేక గంప కింది ఉన్ని కొస తెంపి ఇచ్చాను, ఇదే రంగు తెచ్చుకో అని. కొంగున ముడేసుకుని ఉరవకొండ సంతకు పోయింది. తిరిగొచ్చి అరుగు మీద కూలబడి, ఇంత పెద్ద సంచి నా ముందు కుమ్మరించింది.

"ఆ అంగడాయప్ప నా ముందర ఉండే పచ్చలన్నీ పోసి, 'అన్నీ పచ్చే కదమ్మా, ఏదైతే ఏం' అంటాడు. చిలకకూ చింతాకుకూ తేడా తెల్దా నీకు, ఏం బేరం చేస్తాండావు నాయనా అని అంగడి ఎత్తి దించినా. లోపలినుంచి తీసిచ్చినాడు."

అంత ఉన్ని ఒక్క పిల్లోనికి ఎందుకని అడిగాను. "మా పెద్దోనికి వద్దా? మా ఆడబిడ్డ పిల్లోల్లకు వద్దా? ఆ ఎదురింటోళ్లు కూడా అడిగినారు, వాళ్లకు వద్దా?" అని కసిరింది. ఎదురింటివాళ్లు అడిగారో, ఈమే అడిగించిందో నాకు తెలియదు. మధ్యాహ్నానికి ఒకరి వెనక ఒకరు ఆడవాళ్లు మా అరుగు ఎక్కారు. అన్నాళ్లూ మా వాకిలి వైపు చూడనివాళ్లు. సూదులు లేవు. సైకిల్ షాపులో విరిగిన చక్రం పుల్లలు అడిగి తెచ్చి, బండకు రాసి నునుపు చేసి, వాటితోనే అల్లిక నేర్పించాను. కలుపు తీసిన చేతులు కదా, ముళ్లు గట్టిగా బిగించేవాళ్లు. ఒకామె టోపీ బిగుసుకుపోయి నిలబెడితే నిలబడింది. పక్కింటి అక్క దాన్ని వేలితో కొట్టి చూసి, "ఇది టోపీనా, సంగటి ముంతనా? పిల్లోని తల పట్టకపోతే పొయ్యి మీద పెట్టుకోవచ్చులే" అంది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వుతూనే, దూరంగా బండి చప్పుడైతే సూది ఆపి విన్నాను. తల ఎత్తి చూస్తే ఆమె కూడా వింటోంది. మా చూపులు కలిశాయి. ఆమె వెంటనే తల దించుకుని, ముడి జారిందని తనను తానే తిట్టుకుంది.

పిల్లలందరి టోపీలూ అయ్యాక, "మరి మీవోనిది?" అని అడిగింది. వాడిని బడికి పంపడం లేదన్నాను. "పంపేది లేంది తర్వాత చూద్దాం. టోపీ అయితే అల్లు" అంది. గంప కింది ఉంగరాల ఉన్ని తీసి మళ్లీ అల్లాను. చూడటానికి అన్నిటిలాగే ఉంది. వేళ్లతో తడిమితే మాత్రం ఊడదీసి అల్లిందని తెలుస్తుంది.

మర్నాడు బడివేళకు వీధి నిండా చిలకలు దిగినట్టుంది. మా వాకిట్లో అందరికన్నా ముందు ఆమె, చంకలో కొడవలి, నెత్తిన గడ్డికట్టే తాడు.

"యాడమ్మా మా ఇంకో చిలక? బిర్నా పంపీ, బడి గంట కొడతారు."

మీ నాయన నా చేతుల్లోంచి టోపీ లాక్కుని పెట్టుకున్నాడు. వాణ్ణి ఒంటరిగా పంపలేక నేను చెప్పులు వేసుకున్నాను. ఆమె గడప మీద చేయి అడ్డం పెట్టింది. అప్పుడు, అంత పెద్ద నోరున్న మనిషి, నాకంటే మెల్లగా మాట్లాడింది.

"నువ్వు రావద్దు పాపా. నువ్వు చేయి పట్టుకుంటే ఆ చేయి ఎవురిదో తెలిసిపోతాది. మిద్దెక్కి చూసుకో పో."

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. అప్పటికిగానీ అర్థం కాలేదు నాకు, ఆమెకు కావలసింది టోపీ కాదని. నా కొడుకుతో పాటు నడవడానికి తన కొడుకుకు నా కొడుకు గుర్తు అడిగి తీసుకుంది. మిగతా తల్లులకు ఎంత తెలుసో, ఎంత చెప్పిందో నాకిప్పటికీ తెలియదు.

మిద్దెక్కాను. పిల్లలు బీడు దాటుతున్నారు. పచ్చగా ఒక గుంపు, అటు విడిపోతూ ఇటు కలుస్తూ. ఇందులో నావాడు ఎవరు? ముందు పరుగెత్తేవాడా, చొక్కా పట్టుకుని లాగేవాడా? నా కడుపున పుట్టిన బిడ్డను నేనే పోల్చుకోలేకపోయాను. ఏ తల్లికైనా అది భయపడాల్సిన సంగతి. నాకు మాత్రం అన్నాళ్లకు మొదటిసారి ఊపిరి కిందికి దిగింది.

దిగినట్టే దిగి మళ్లీ ఆగింది. రోడ్డు మీద టీ హోటలు దగ్గర మోటారుసైకిల్ ఆగింది. దాని మీది మనిషి దిగకుండా పిల్లలవైపు తిరిగాడు. చేయి ఎత్తాడు. పిలిచింది నాకు వినపడలేదు గానీ, పచ్చ టోపీలన్నీ ఒక్కసారే వెనక్కి తిరగడం కనపడింది. "ఒరే చిలక టోపీ" అన్నాడంట. అందరూ "ఆ..." అన్నారంట. పిల్లలు బండి చుట్టూ మూగారు. ఏమీ కనపడటం లేదు, టోపీలు తప్ప. నేను పిట్టగోడను పట్టుకున్నాను. దిగి పరుగెత్తితే వాడు ఎవరో నేనే చూపించినట్టు. దిగకపోతే? అరిచినా అంతే. ఆ పిట్టగోడ సున్నం నా గోళ్లలోకి దిగింది.

పిల్లల వెనకే గడ్డికి పోతున్న పక్కింటి అక్క నిదానంగా వచ్చి ఆ గుంపులో నిలబడింది. ఏదో అంది, చేయి తిప్పింది. తర్వాత తెలిసింది, "ఎవురు కావల్లప్పా నీకు? అందరూ మా పిల్లోల్లే" అందంట. ఆయన కాసేపు ఆ టోపీల్ని చూశాడు. బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఆయన ఎవరో మాకెన్నడూ తెలియలేదు. నిజంగా టోపీ చూసి ముచ్చటపడ్డ చుట్టమే కావచ్చు. మళ్లీ మాత్రం రాలేదు. చలికాలం పోయి ఎండలు ముదిరినా మా వీధి పిల్లలు ఆ టోపీలు తీయలేదు. చెమటలు కారుతున్నా తీయనీయలేదు వాళ్ల అమ్మలు. ఉగాదికి ముందు ఊరిపెద్దలు కూర్చుని రెండు పక్షాలకూ రాజీ చేశారు. మీ తాత బళ్లారి నుంచి ఇంటికి వచ్చాడు. నువ్వు చూపించిన ఫొటో ఆ రోజుల్లో తీసిందే. రెండో వరసలో పళ్లూడి నవ్వుతున్నవాడు పక్కింటి అక్క చిన్నకొడుకు. వాడి భుజం మీద చేయి వేసి మూతి ముడుచుకున్నవాడు మీ నాయన. ముఖాలు దగ్గర పెట్టుకుని చూస్తే తెలుస్తుంది. టోపీ చూస్తే తెలియదు.

అప్పటినుంచి ఎవరికైనా సరే, నేను ఒకే ఒక్క టోపీ అల్లలేను. చేయి రాదు. మీ ఇద్దరికీ పంపిన పార్సిల్లో అన్ని టోపీలు ఎందుకున్నాయని మీ అమ్మ అడిగింది కదా, మీ మెట్ల మీద ఆడుకునే పిల్లలందరికీ ఇవ్వండి. మా తాతయ్య నాకు నేర్పింది గుర్తు విప్పేయడం. అది నిజమే. కానీ గుర్తు విప్పకుండా మందంతటికీ కట్టే దారి ఒకటుందని ఆయన చెప్పలేదు. దానికి ఇంకొకరి గొర్రెపిల్లలు కావాలి కదా. అవి ఎవరిస్తారు?

తర్వాత వరసగా కరువులొచ్చి పక్కింటి అక్క వాళ్లు బెంగుళూరుకు కట్టడం పనులకు పోయారు. ఒకసారి జాతరకు వచ్చినప్పుడు అరుగు మీద పక్కపక్కన కూర్చున్నాం. అన్నేళ్లూ నాలో ఉన్నది అప్పుడు అడిగాను. ఆమె "ఆ పొద్దు ఇగం శానా ఉన్నింది పాపా" అని, కొంగు దులుపుకుని లేచిపోయింది. ఆమె మళ్లీ మా ఊరికి రాలేదు. పోయిందన్న కబురే వచ్చింది.

నేను అడిగింది చలి గురించి కాదు కన్నా. నీ చిన్నోని నెత్తిన ఆ టోపీ పెట్టి నా కొడుకు పక్కన నిలబెట్టేటప్పుడు, నీ చేయి వణకలేదా అక్కా?